అడుగు కాని బండ

బావి పని ఆగిపోయిన సంగతి రాహేలమ్మకు బస్సులోనే తెలిసింది. శనివారం ఒంటిపూట బడి. ఆత్మకూరులో పిల్లల్ని ఇళ్ళకు పంపి, మర్రిపాడు మీదుగా పోయే బస్సెక్కేసరికి వెనక సీట్లో హన్నమ్మ కనిపించింది. రాహేలమ్మ నాయన ఉండే పాలెమే హన్నమ్మదీ. ఆత్మకూరులో కట్టెలమోపు అమ్ముకొని తిరిగి పోతోంది.

"బావిలో బండ తగిలింది మే," అన్నది హన్నమ్మ, పలకరింపు కూడా లేకుండా. "ఓవర్సీరు గడ్డపారలన్నీ పైకి తీయించేసినాడు. ఇంక తవ్వేది లేదన్నాడు."

"ఎట్టాంటి బండ?"

"బండంటే బండే. దాంట్లో రకాలుంటాయా?"

రకాలుంటాయి. ఆ రకాలు నేర్చుకోవడానికే రాహేలమ్మ మద్రాసులో భూగర్భశాస్త్రం చదివింది. తరగతి మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. చదువు ముగిశాక, కొండలూ గుట్టలూ తిరిగి రాళ్ళు పరీక్షించే ఉద్యోగానికి అర్జీ పెట్టుకుంటే, డేరాల్లో పడుకోవలసిన పని, ఆడవాళ్ళకు కుదరదని మొహం మీదే చెప్పి పంపేశారు. అప్పటినుంచీ ఆత్మకూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా ఉంటూ, గోడ మీది పటం ముందు నిలబడి నదుల పేర్లు వల్లె వేయిస్తోంది.

అది పందొమ్మిది వందల యాభై రెండు. వరసగా మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. ఉదయగిరి మొదలు ఆత్మకూరు దాకా ఏ చెరువు చూసినా నెర్రెలిచ్చి ఉంది. వెలిగొండల కింద, పాలేనికి ఎడంగా ఉన్న ఊళ్ళో నీళ్ళు మిగిలింది ఊరి బావిలోనే. దాన్ని పాలెం వాళ్ళు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మైలట. పాలెం ఆడవాళ్ళు కడవలు పట్టుకొని గట్టు కింద నిలబడితే, ఊరివాళ్ళెవరైనా తమ పని అయ్యాక రెండు చేదలు తోడి పోస్తారు. పోయకపోతే అడిగే దిక్కు లేదు. కరువు ముదిరేకొద్దీ పోసేవాళ్ళు తగ్గిపోయారు.

రాహేలమ్మ నాయన సామ్యేలు పాలెంలో ప్రార్థన నడిపే బోధకుడు. ఆయన తాసీల్దారు కచేరీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాక, కరువు పనుల కింద పాలేనికంటూ ఒక బావి మంజూరైంది. పాలెం వాళ్ళే కూలికి దిగి తవ్వారు. అయిదు నిలువుల లోతు పోయాక ఇదిగో, బండ.

బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా రాహేలమ్మ నేరుగా బావి దగ్గరికి నడిచింది. ఓవర్సీరు వెంకటరమణయ్య గొడుగు కింద మడత కుర్చీలో కూర్చొని ఉన్నాడు. పక్కనే గ్రామ మునసబు కొండలయ్య నిలబడి ఏదో చెబుతున్నాడు. కాస్త ఎడంగా సామ్యేలు, బావి తవ్వేవాళ్ళకు పెద్ద అయిన చెంచయ్య, మిగతా పాలెం వాళ్ళు.

"ఒకసారి లోపలికి దిగి చూస్తాను సార్," అన్నది ఆమె ఓవర్సీరుతో.

వెంకటరమణయ్య మంచివాడే. అందుకే విసుక్కోకుండా చెప్పాడు. "చూసేదానికేముందమ్మా? అడుగు బండ తగిలింది. దాని కింద ఇంకేముండదు. భూమి అంతటితో సరి."

"అడుగు బండో కాదో చూసొస్తాను."

కొండలయ్య నవ్వాడు. "ఆడమనిషి బావిలో దిగేదేంది? మీ పాలెంలో మొగోళ్ళు లేరా?"

రాహేలమ్మ చీర కుచ్చెళ్ళు గోచీ పోసి, మోకు నడుముకు కట్టుకుంది. సామ్యేలు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. చెంచయ్య మోకు కొస పట్టుకొని కాళ్ళు నిలదొక్కుకున్నాడు.

దిగుతూ ఆమె గోడలు చూసుకుంటూ పోయింది. పైన ఎర్రమట్టి. దాని కింద గులకరాళ్ళ వరస. మళ్ళీ పసుపు బంకమట్టి, మళ్ళీ గులక. ఎప్పుడో కొండల మీదినుంచి వరదలొచ్చి ఒకదాని మీద ఒకటి పరిచి పోయిన మేట అది. అడుగుకు చేరాక కాళ్ళకింద బూడిద తెలుపు బండ తగిలింది. మడమతో తన్నితే కంచు మోగినట్టు మోగింది. గడ్డపారలు పడి ఒక మూల అరచేయంత మేర పెచ్చు లేచి ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని ఆ విరిగిన అంచును వేళ్ళతో తడిమింది.

అది ఒకే రాయి కాదు. గులకరాళ్ళన్నీ కలిసి, వాటి మధ్య సున్నం గడ్డకట్టి, బండలా తయారైంది. గులకరాళ్ళు నునుపుగా, గుండ్రంగా ఉన్నాయి, వాగులో దొర్లిన రాళ్ళు ఎలా ఉంటాయో అలా. ఒక్కటి మాత్రం నునుపుగా లేదు. మామిడి టెంక ఆకారంలో, అరచేతిలో పట్టేంత రాయి. రెండు పక్కలా పెచ్చులు పెచ్చులుగా లేపి, అంచును పదును చేసి ఉంది. ఉదయగిరి కొండ మీద దొరికే పసుపుపచ్చ గట్టిరాయి అది. సగం బయటికి, సగం బండ కడుపులో.

ఇలాంటిది ఆమె మద్రాసు మ్యూజియంలో అద్దాల బీరువాలో చూసింది.

"చెంచన్నా, సమ్మెట తీసుకోని కిందికి రా," అని పైకి కేకేసింది. "ఈ ముక్క నాకు కావాల. ఈ రాయొక్కటే ఊడి రాకూడదు. చుట్టూ ఉన్న బండతోనే పెకలించాల."

ఇద్దరూ దుమ్ము కొట్టుకొని పైకొచ్చేసరికి ఎండ వాలింది. ఆ ముక్కను ఆమె ఓవర్సీరు కుర్చీ ముందు నేల మీద పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"గొడ్డలి సార్. ఇనుము తెలవని కాలంలో మనిషి రాతిని రాతితో కొట్టి చేసుకున్న గొడ్డలి."

"మా ఇంట్లో దీనికంటే మంచిది ఉండాది," అన్నాడు కొండలయ్య. ఆయన వెంట వచ్చినవాళ్ళు నవ్వారు.

వెంకటరమణయ్య నవ్వలేదు. వంగి, ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "పైనుంచి పడి ఉంటుంది," అన్నాడు చివరికి.

"పడిందైతే బండ మీద ఉండాల. ఇది బండ లోపల ఉండాది. చుట్టూ సున్నం ఎట్టా పట్టుకోని ఉండాదో చూడండి. బండ గట్టిపడక ముందే ఇది ఆడ చేరింది. అంటే మనిషి పుట్టినాక పుట్టిన బండ ఇది." ఆమె చెయ్యెత్తి పడమటి దిక్కు చూపించింది. "ఆ వెలిగొండల రాయికి కోట్ల ఏండ్లు. మనిషనేవాడు అప్పటికి లేడు. ఈ నేలకు నిజంగా అడుగున ఉండే రాయి కూడా ఆ కాలానిదే. మనిషి కంటే చిన్నబండ అడుగు బండ ఎట్టా అవతాది సార్?"

"నేను ఇరవై ఏళ్ళుగా బావులు తవ్విస్తున్నానమ్మా. గడ్డపార మొన వంగిందంటే అది రాయే."

"రాయి కాదని నేననలేదు. ముసలి రాయి కాదంటా ఉండాను. గట్టిదనాన్ని బట్టి వయసు తెలవదు. కొత్తగా పోసిన గచ్చు కూడా గట్టిగానే ఉంటాది."

"మరి ఈ సున్నం ఎక్కడిది?"

"ఎండదే. ఈ కొండల మధ్య నేలంతా ఒకప్పుడు పెద్ద గుంట. వరదలొచ్చి దాన్ని మట్టితో, గులకతో పూడుస్తా వచ్చినాయి. మధ్యలో ఒక కాలం ఇప్పటికంటే ఘోరంగా ఎండింది, ఎడారి మాదిరి. నేలలో తడి పైకి లాక్కోని ఆరిపోతే సున్నం మిగిలి గులకను కరిచిపట్టింది. దాని మీద మళ్ళీ వరదలు. అట్టా అయితే ఈ బండ కింద కూడా పాత గులక ఉండాల. దాని కింద ఎప్పటికో అసలు రాయి."

చెంచయ్య ఓవర్సీరు మొహంలోకి ఆశగా చూశాడు. వెంకటరమణయ్య ముక్కను కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

"కింద నీళ్ళున్నాయని చెప్పగలవా?"

"చెప్పలేను. ఇది అడుగు కాదని మాత్రం చెప్పగలను."

"లోకం పుట్టి ఆరువేల ఏండ్లని మీ నాయన ఆదివారం ఆదివారం చెప్తాడు గదా," అన్నాడు కొండలయ్య అందరికీ వినపడేలా. "నువ్వు కోట్లంటా ఉండావు. ముందు మీ ఇంట్లో తేల్చుకోని రాపో."

ఈసారి నవ్వు గట్టిగా లేచింది. సామ్యేలు తలొంచుకున్నాడు.

రాహేలమ్మ మొహం జేవురించింది. "మా ఇంటి సంగతి మేం తేల్చుకుంటాం కొండలయ్యగారూ. బావి సంగతి చెప్పండి."

పాలెం వాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఆయన్ని వాళ్ళెవరూ పేరు పెట్టి పిలిచి ఎరగరు. 'అయ్యా' అనడమే తప్ప, పక్కన 'గారు' ఉన్నా సరే, పేరు ఆ నోళ్ళలో ఎన్నడూ పడలేదు.

కొండలయ్య కూడా ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత తాపీగా చెప్పాడు. "బావి సంగతేముండాది? సోమవారం నుంచి కూలోళ్ళూ మందుగుండూ ఊరి బావికి. దాన్ని లోతు చేస్తారు. ఈ గుంత పూడ్చేస్తాం. వదిలేస్తే గొడ్లు పడి చస్తాయి."

అప్పుడు అర్థమైంది రాహేలమ్మకు. బండ తగిలిందన్న మాట ఓవర్సీరుకు ఒక పని తెమిలిపోవడం మాత్రమే. కొండలయ్యకు మాత్రం అది అనుకోకుండా కలిసొచ్చిన అదృష్టం.

"పూడ్చనీయను," అన్నది.

"నువ్వెవరు మే పూడ్చనీయకపోయేదానికి?"

ఆమె బండముక్కను చంకలో ఇరికించుకొని ఇంటిదారి పట్టింది.

సామ్యేలు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కూతురు సంగటి పెట్టి ముందు ఉంచితే చెయ్యి కడుక్కోలేదు.

"నలుగురిలో నవ్వులపాలైనాను," అన్నాడు చివరికి.

"నేను చేయలేదు నాయనా."

"నువ్వు చేయలేదు. నేను చెప్పిందే నాకు ఎదురొచ్చింది. నువ్వు చదువుకోని వచ్చినప్పటి నుంచీ నాకు తెలుసు, ఎప్పటికైనా ఇది వస్తాదని. అడగాలంటే భయమేసి అడగలేదు." చెయ్యి చాపి, "దాన్నిట్టా తే," అన్నాడు.

ఆమె బండముక్కను ఆయన ఒళ్ళో పెట్టింది. సామ్యేలు బయటికి పొడుచుకొచ్చిన సగాన్ని చేత్తో పట్టుకున్నాడు. బొటనవేలికి ఒక పెచ్చు తగిలింది, సరిగ్గా బొటనవేలు ఆనించడానికే తీసినట్టు. మిగతా వేళ్ళు వాటంతటవే అంచు వెనక కుదురుకున్నాయి.

"వాడి చెయ్యి నా చెయ్యంతే ఉండాది," అన్నాడు నెమ్మదిగా.

"ఊఁ."

"ఎన్నేండ్లయింటాది?"

"సరిగ్గా చెప్పలేను. లక్ష దాటి ఉండొచ్చంటారు."

సామ్యేలు ఆ లెక్కను పట్టించుకున్నట్టు లేదు. రాతిని పట్టుకొని అలాగే కూర్చున్నాడు. "వీడూ ఈడనే తిరిగినాడన్నమాట. ఇట్టాంటి ఎండలోనే. వీడికి దాహమైతే యాడ తాగినాడో." తర్వాత చెయ్యి కడుక్కొని సంగటి తిన్నాడు.

మర్నాడు ప్రార్థనలో ఆయన వాక్యం చదివాక పుస్తకం మూసేశాడు. పాలెం అంతా చాపల మీద కూర్చొని ఉంది. "లోకం ఎన్నేండ్లదో నాకు తెలవదు," అన్నాడు. "నాకు చెప్పినోళ్ళు చెప్పినారు, నేను మీకు చెప్పినాను. దేవుడు ఎంతసేపు తీసుకున్నాడో ఆయన్నే అడగాల. ఆ బండ కింద ఏముండాదో మాత్రం మనం పోయి చూడొచ్చు. దానికి ఎవురి సెలవూ అక్కర్లేదు."

చెంచయ్య లేచి నిలబడ్డాడు. "గడ్డపారలు లేవు గదా అయ్యగారూ. ఓవర్సీరు తీసకపోయినాడు. మందు లేదు."

"సమ్మెట ఉండాది గదా నీది," అన్నది రాహేలమ్మ వెనక వరసలోంచి. "దాన్ని మంటతో కాలుద్దాం. సున్నంతో కరుచుకున్న బండ అది. బాగా కాలితే బీటలిస్తాది."

"కట్టెలో?"

హన్నమ్మ పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసింది. అమ్ముకోవడానికి అడవినుంచి తెచ్చుకున్న మోపులు అందరి ఇళ్ళ ముందూ ఉన్నాయి. "ఉండాయి," అన్నది.

సోమవారం పొద్దున రాహేలమ్మ ఆత్మకూరు బస్సెక్కలేదు. సెలవు కూడా అడగలేదు. కొండలయ్య మనుషులు పారలతో, గంపలతో బావి దగ్గరికి వచ్చేసరికి గట్టు మీద పాలెం వాళ్ళు గుంపుగా ఉన్నారు. గిలక మీదినుంచి మోకు లోపలికి వేలాడుతోంది. రాహేలమ్మ అడుగున ఉంది.

కొండలయ్య వంగి చూశాడు. "పైకి రా మే."

"రాను," అన్నది ఆమె. గొంతు బావి గోడలకు తగిలి పెద్దదై పైకొచ్చింది. "పూడ్చాలంటే నన్నూ కలిపి పూడ్చండి."

"సామ్యేలూ, నీ కూతుర్ని పైకి పిలువు."

"నా మాట వినదయ్యా," అన్నాడు సామ్యేలు. "విన్నా నేను పిలవను."

గంపలు తెచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకడు మట్టికుప్ప దగ్గరికి పోయి గంప నింపాడు గానీ, దాన్ని ఎత్తుకోలేదు. అంతలో వెంకటరమణయ్య సైకిలు మీద వచ్చాడు. కొండలయ్య ఆయనకు ఎదురుపోయి, గవర్నమెంటు పనికి అడ్డం పడుతున్నారు, పోలీసులను పిలిపించమన్నాడు.

ఓవర్సీరు సైకిలుకు స్టాండు వేసి, గట్టు దాకా వచ్చి కిందికి చూశాడు. కింద ఆమె తలెత్తి చూస్తోంది. మట్టి కొట్టుకున్న మొహంలో కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

"అమ్మా, బడికి పోవా?"

"పోను సార్. ఇది తేలిందాకా."

వెంకటరమణయ్య చెమట తుడుచుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆయనకు ఆ మామిడి టెంక రాయే కళ్ళ ముందు మెదిలింది. కొండలయ్య వైపు తిరిగి, "నాకు వచ్చిన ఆర్డరు పని ఆపమని," అన్నాడు. "పూడ్చమని కాదు. పూడ్చడానికి మళ్ళీ ఆర్డరు రావాలి. అది తెచ్చేదాకా ఎవరూ తట్ట మట్టి కూడా వేయడానికి వీల్లేదు." తర్వాత పాలెం వాళ్ళతో అంతే కటువుగా చెప్పాడు. "మందు ఇవ్వను, గడ్డపార ఇవ్వను, కూలి ఇవ్వను. ఏమన్నా అయితే నాకు సంబంధం లేదు."

"మేం అడగలేదు," అన్నది కిందినుంచి రాహేలమ్మ.

ఆ మధ్యాహ్నమే మంట వేశారు. కట్టెలు బండ మీద పేర్చి, అంటించి, అందరూ పైకి వచ్చేశారు. పొగ బావిలోంచి బురుజులా లేచి ఊళ్ళోకి కూడా పోయింది. నిప్పులు ఆరి, గాలి తేటపడేదాకా ఎవరినీ దిగనివ్వలేదు రాహేలమ్మ. ముందు లాంతరు దించి, అది ఆరిపోకుండా వెలుగుతుందని చూసుకొని, అప్పుడు చెంచయ్యను పంపింది. చెంచయ్య సమ్మెట వేస్తే పెంకులు లేచాయి. బెత్తెడు మందం. ఒక రోజు మంటకు బెత్తెడు.

అలా మొదలైంది. పగలు మంట, సాయంత్రం సమ్మెట. చెంచయ్య అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. హన్నమ్మ తమ్ముడికి కాలిన రాయి చిట్లి కంటి కింద తగిలింది. కట్టెల మోపులన్నీ బావిలో కాలిపోతుంటే పాలెంలో రెండో పూట పొయ్యి వెలగడం మానేసింది. కొందరు గొణిగారు. "చదువుకున్నదాని మాట నమ్మి కడుపులు మాడ్చుకుంటా ఉండాం," అని ఒకామె రాహేలమ్మ మొహం మీదే అన్నది. రాహేలమ్మ ఆమెతో వాదించలేదు. తను కూడా ఆ పూట తినలేదు. ఊరివాళ్ళు అటుగా పోతూ, "ఏం, సున్నం బట్టీ పెట్టినారా?" అని ఎకసెక్కాలాడారు. ఊరి బావిలో మందుగుండు పేలిన చప్పుళ్ళు మధ్యమధ్యలో వినపడుతూనే ఉన్నాయి.

రాహేలమ్మకు లోపల భయం లేకపోలేదు. బండ వయసు గురించి ఆమెకు అనుమానం లేదు. దాని మందం ఎంతో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు. నిలువెత్తు మందం ఉంటే కట్టెలు చాలవు, ఒంట్లో సత్తువ చాలదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. రోజూ తనే ముందు దిగి, విరిగిన అంచు చూసుకొని, తనే చివర పైకొచ్చేది.

ఒక సాయంత్రం చెంచయ్య కమ్మరి దగ్గర అరువు తెచ్చిన గడ్డపారతో కాలిన బీటలో పోటు వేశాడు. గడ్డపార చేతుల్లోంచి జారి మూరెడు లోపలికి దిగబడిపోయింది. ఆయన బోర్లా పడబోయి గోడ పట్టుకున్నాడు. ఇద్దరూ కదలకుండా ఆ బొక్క వైపే చూశారు. రాహేలమ్మ దానిలో చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. ముతక ఇసుక, గులక. పిండితే నీళ్ళు కారలేదు గానీ, అరచేతికి చల్లగా తడి అంటుకుంది.

"రాళ్ళు ఎట్టా ఉండాయి?" అడిగాడు చెంచయ్య గుసగుసగా, ఎవరికైనా వినపడితే ఆ తడి పారిపోతుందేమో అన్నట్టు.

"గుండ్రంగా," అన్నది ఆమె.

బండలో మనిషి పట్టేంత నోరు తెరిచాక, కింద తవ్వడం సులువైంది. తడి ఎక్కువైంది. తర్వాత ఇసుక ఒరుసుకుంటూ నీళ్ళు ఊరడం మొదలై, మోకాలిదాకా వచ్చి, మర్నాటికి నడుముదాకా నిలిచాయి. మొదటి కడవ పైకి వచ్చినప్పుడు ఎవరూ పాట పాడలేదు, చప్పట్లు కొట్టలేదు. హన్నమ్మ దోసిట పట్టి తాగి, "కొంచెం సున్నం వాసన," అన్నది. ఇంకో దోసిలి తాగింది.

నీళ్ళు తోడి పోసుకుంటూ ఇంకాస్త లోతు చేస్తుంటే మళ్ళీ రాయి తగిలింది. నల్లటి పలకరాయి, ఏటవాలుగా పైకి నిలబడి ఉంది. చెంచయ్య ఉత్సాహంగా పైకి కేకేశాడు, కట్టెలు సిద్ధం చేయమని. రాహేలమ్మ దిగి చూసి వద్దన్నది.

"ఇది అడుగు, చెంచన్నా. దీంట్లో గులక లేదు, సున్నం లేదు. కొండలతో పాటు పుట్టిన రాయి."

"ఆ పొద్దు ఓవర్సీరు కూడా అట్నే అన్నాడు. నువ్వు కాదన్నావు, పగిలింది. దీన్నీ పగలగొడదాం. ఇంకా నీళ్ళొస్తాయి."

"రావు. ఆ బండ వయసు నేను చూసి చెప్పినాను. దీని వయసు కూడా చూసే చెప్తా ఉండాను. నీకు నచ్చినప్పుడు నా మాట, నచ్చనప్పుడు నీ మాటా?"

చెంచయ్యకు కోపం వచ్చింది. సమ్మెట అక్కడే పడేసి పైకి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, గోడలు కూలకుండా చుట్టూ రాతికట్టు మొదలుపెట్టాడు.

మే నెల నడిమికి ఊరి బావి ఎండిపోయింది. అక్కడ మందు పెట్టి పేల్చింది నిజమైన అడుగు బండనే. ఎంత పేల్చినా పొడిరాయి తప్ప ఏమీ పైకి రాలేదు. కొండలయ్య సామ్యేలుకు కబురు పంపాడు. పొద్దున పూట పాలెం వాళ్ళు బావి దగ్గర లేకుండా ఉంటే, ఊరి ఆడవాళ్ళు వచ్చి నీళ్ళు తోడుకొని పోతారట.

సామ్యేలు కబురు తెచ్చినవాణ్ణి బావి దగ్గరికి తీసుకొచ్చి ఆ మాట చెప్పాడు. హన్నమ్మ కడవ కింద పెట్టి, వాడికే జవాబు చెప్పింది. "రమ్మను. వద్దనేదానికి మేమెవురం? చేద గట్టు మీదనే ఉంటాది. మేము తోడుకునేటప్పుడే వాళ్ళూ తోడుకోవాల. మేము పక్కకు పోము. తోడి పోయమన్నా పోయము."

కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. ఊరి బండ్లు పీపాలతో ఎక్కడెక్కడికో పోయి మురికినీళ్ళు తెచ్చాయి. తర్వాత ఒక పొద్దున కొండలయ్య భార్య వరదమ్మ ఒంటరిగా వచ్చింది. చంకలో బిందె, వెనక ఎవరూ లేరు. గట్టు కింద ఆగి నిలబడింది. గట్టు మీద నలుగురు పాలెం ఆడవాళ్ళు ఉన్నారు. ఆమె కోసం ఎవరూ దిగలేదు. హన్నమ్మ మాత్రం చేద నీళ్ళు తన కడవలో ఒంపుకొని, ఒక అడుగు పక్కకు జరిగి, మోకు గట్టు మీద పెట్టింది.

వరదమ్మ చాలాసేపు ఆ మోకును చూసింది. ఎండ చురుక్కుమంటోంది. ఆమె చెప్పులు విడిచి, గట్టెక్కి, మోకు అందుకుంది. మోకు తడిగా ఉంది, అంతకు ముందు పట్టుకున్న చేతుల తడి. తోడుకొని, బిందె ఎత్తుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు ఆమె వెంట ఇంకా నలుగురు వచ్చారు. కొందరు చివరిదాకా రాలేదు. కొండలయ్య అటు తొంగి కూడా చూడలేదు, ఇంట్లో తాగిన నీళ్ళు ఎక్కడివో అడగనూ లేదు.

వేసవి సెలవులయ్యాక రాహేలమ్మ బడికి పోతే, పెద్ద పంతులమ్మ ఆనందమ్మ ఆమెను గదిలోకి పిలిచింది. చెప్పకుండా నాగా పెట్టినందుకు క్షమాపణ చెప్పుకొమ్మన్నది. "నాగా పెట్టింది నిజం," అన్నది రాహేలమ్మ. "తప్పు చేసినాననుకోవడం లేదు." ఆనందమ్మ నిట్టూర్చి, ఈసారికి పొమ్మన్నది.

వానలు ఇంకా పడలేదు. ఒక రోజు రాహేలమ్మ పాఠం చెబుతుంటే గుమ్మంలో సైకిలు గంట మోగింది. వెంకటరమణయ్య టోపీ చేత్తో పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆడపిల్లల తరగతి ముందు ఎలా మాట్లాడాలో తెలియక నేల చూపులు చూస్తున్నాడు.

"ఉదయగిరి దారిలో ఇంకో పాలెంలో బావి వేస్తున్నాం," అన్నాడు. "బండ తగిలింది. నాకు అడుగు బండలాగే ఉంది. కానీ నీకు చూపించకుండా ఆపడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నం బస్సు ఉంది."

ఆయన వెనకే ఆనందమ్మ వచ్చింది. సంగతి విని, రాహేలమ్మ వైపు తిరిగి, "ఇప్పుడు పోతే మళ్ళీ రావలసిన అవసరం లేదు," అన్నది. కోపంగా కాదు, బడి నడపవలసిన మనిషిలా అన్నది.

రాహేలమ్మ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టింది. పిల్లలతో, పటంలో పెన్నానది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో చూసుకొని ఉంచమన్నది. తర్వాత వెంకటరమణయ్యను అడిగింది.

"ఎంత లోతులో తగిలింది సార్?"

"నాలుగు నిలువులు."

"పైన ఏముంది? గులకా, మట్టా?"

ఆయన చెబుతున్నాడు. ఆమె కొంగు బిగించుకొని, వింటూనే మెట్లు దిగి, బస్టాండు వైపు నడిచింది.